మొదటి జాబితాలో లేనివారు

డ్రాప్‌డౌన్ అంటే ఫారంలో ఒక గడిని నొక్కగానే కిందికి జారే జాబితా. జిల్లా, మండలం, మతం, వృత్తి లాంటి గడుల్లో సొంతంగా రాయడానికి వీలుండదు, ఉన్నవాటిలో ఒకదాన్ని ఎంచుకోవాలి. ఆ జాబితాకు మూలం వెనకాల డేటాబేస్‌లో ఉన్న ఒక టేబుల్. టేబుల్‌లోని ఒక్కో వరుస తెర మీద ఒక్కో ఎంపికగా కనబడుతుంది. వరుసలన్నిటినీ చూపకుండా, ఏదో ఒక షరతుకు సరిపడినవాటినే చూపడాన్ని వడపోత అంటారు. వెబ్ ఫారాలు తయారుచేసేవాళ్లకు ఇది రోజూ చేసే పని. ఒక్క షరతు రాస్తే వేల వరుసలు పదికి తగ్గుతాయి. ఇంత చిన్న పనిలో ఒక పెద్ద ప్రశ్న ఉంది. మనిషి ముందు ఏ ఎంపికలు ఉంచాలో, ఏవి తీసేయాలో తేల్చే హక్కు ఎవరిది, ఆ హక్కుకు హద్దేమిటి? కంప్యూటర్లు రాకముందే, వేదవాక్యాల్ని వ్యాఖ్యానించే మీమాంసకులు యజ్ఞం గురించి, తర్కశాస్త్రజ్ఞులైన నైయాయికులు వాక్యం గురించి, పదార్థాల గురించి ఇదే ప్రశ్న వేసుకున్నారు. వాళ్లు తేల్చిన తేడాలు ఈ పనికి ఆశ్చర్యపడేంత దగ్గరగా వస్తాయి.

వడపోత ఎందుకు కావాలో ఒక ఊరి పేరు చెబితే తెలుస్తుంది. రామాపురం, కొత్తపల్లి అనే పేర్లతో తెలుగు నేల మీద ఎన్నో ఊళ్లున్నాయి. గ్రామాలన్నిటినీ ఒకే జాబితాలో గుమ్మరిస్తే దరఖాస్తుదారు తన రామాపురం ఏదో పోల్చుకోలేరు. అందుకే ముందు జిల్లా అడుగుతారు. జిల్లా చెప్పాక అందులోని మండలాలే కనబడతాయి, మండలం చెప్పాక అందులోని ఊళ్లే కనబడతాయి. ఒక గడిలో ఇచ్చిన జవాబు తర్వాతి గడికి షరతవుతుంది. మెట్లు దిగినట్టు సాగే ఈ ఏర్పాటులో ప్రతి మెట్టూ పై మెట్టును నమ్ముకుని ఉంటుంది.

దీని లోపలి పని సులువైనదే. 1970లో ఎడ్గార్ కాడ్ ప్రతిపాదించిన రిలేషనల్ పద్ధతిలో సమాచారమంతా టేబుళ్లుగా ఉంటుంది. మండలాల టేబుల్‌లో ప్రతి మండలం పక్కనా దాని జిల్లా సంఖ్య రాసి ఉంటుంది. ఆ సంఖ్య జిల్లాల టేబుల్‌లో ఉండి తీరాలి. లేని సంఖ్య రాయబోతే డేటాబేస్ ఒప్పుకోదు. ఈ కట్టుబాటు పేరు ఫారిన్ కీ. జిల్లా ఎంచుకోగానే బ్రౌజర్ ఆ సంఖ్యను సర్వర్‌కు పంపుతుంది. ఆ జిల్లా మండలాలేవో సర్వర్ డేటాబేస్‌ను అడిగి, వచ్చిన వరుసల్ని తిప్పి పంపుతుంది.

కొత్తగా ఈ పని నేర్చుకునేవాళ్లు రెండుచోట్ల తడబడతారు. ఒకటి, అక్కర్లేని ఎంపికల్ని తెర మీద దాచేసి వడపోత అయిపోయిందనుకోవడం. దాచినంత మాత్రాన ఆ విలువ రాకుండా పోదు. బ్రౌజర్ పంపే సమాచారాన్ని తెలిసినవాళ్లెవరైనా మార్చి పంపగలరు. చూపేటప్పుడు పెట్టిన షరతునే, తీసుకునేటప్పుడు సర్వర్ మళ్లీ సరిచూడాలి. పైథాన్ భాషలో రాసిన జాంగో ఫ్రేమ్‌వర్క్‌లో జాబితాకు ఇచ్చిన క్వెరీయే, అంటే డేటాబేస్‌ను అడిగే ప్రశ్నే, చూపడానికీ, సరిచూడటానికీ పనికొస్తుంది. అందులో లేని విలువ వస్తే ఫారం తిప్పికొడుతుంది. రెండో తడబాటు, పై జవాబు మారినప్పుడు కింది జవాబును చెరపకపోవడం. ఒకరు జిల్లాగా కర్నూలు, మండలంగా ఆదోని ఎంచుకుని, తర్వాత జిల్లాను గుంటూరుగా మార్చారనుకుందాం. మండలం గడిలో ఆదోని అలాగే ఉండిపోతే 'గుంటూరు జిల్లా ఆదోని మండలం' అనే లేని చోటు ఒకటి పుడుతుంది. రెండు గడుల్నీ విడివిడిగా దాచుకునే టేబుల్‌లో ఫారిన్ కీ కూడా దీన్ని పట్టుకోలేదు. గుంటూరు ఉంది, ఆదోనీ ఉంది, ఆ రెండూ కలిసి లేవు.

విడిగా ఉన్నవి కలిస్తే పొసగకపోవడమనే ఈ దోషానికి తర్కశాస్త్రంలో పేరుంది. 17వ శతాబ్దికి చెందిన అన్నంభట్టు తెలుగువాడు. ఆయన రాసిన తర్కసంగ్రహంతోనే ఈనాటికీ తర్కం చదువు మొదలవుతుంది. వాక్యం అర్థాన్నివ్వాలంటే ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి అనే మూడు ఉండాలని అందులో చెబుతాడు. ఆవు, గుర్రం, మనిషి, ఏనుగు అని వరసగా పలికితే వాక్యం కాదు, ఎందుకంటే ఒక పదం మరో పదాన్ని కోరడం లేదు. అక్కడ ఆకాంక్ష లేదు. ఒక్కో పదాన్నీ జాముకొకటి చొప్పున పలికినా వాక్యం కాదు, సన్నిధి లేదు. నిప్పుతో తడపమంటే పదాలు ఒకదాన్నొకటి కోరుతూనే ఉన్నాయి, పక్కపక్కనే ఉన్నాయి, అయినా అర్థం పొసగదు. నిప్పుకు తడిపే గుణం లేదు. లోపించింది యోగ్యత. జిల్లా చెప్పగానే ఏ మండలమన్న ప్రశ్న లేవడం ఆకాంక్ష. ఆ జిల్లాలో ఉన్న మండలాలనే చూపడం యోగ్యతను కాపాడటం. గుంటూరు జిల్లా ఆదోని అన్నది నిప్పుతో తడపమనడం లాంటిదే.

ఇలా యోగ్యతను బట్టి జరిగే వడపోత మీద ఎవరికీ ఫిర్యాదు ఉండదు. అది తీసేసిన ఎంపికల్లో ఎవరూ నిజాయితీగా ఎంచుకోగలిగింది ఒక్కటీ లేదు. గుంటూరు జిల్లావాసికి ఆదోని కనబడకపోతే ఆయన పోగొట్టుకున్నదేమీ లేదు, పైగా వెతుకులాట తప్పింది.

రెండో రకం వడపోత వేరు. ఒక ఉద్యోగికి తన శాఖ ఖాతాదారుల పేర్లే కనబడతాయి. ఒక విద్యార్థికి తన ఆదాయ వర్గానికి వర్తించే ఉపకార వేతనాలే కనబడతాయి. ఇక్కడ తీసేసిన వరుసలు అసాధ్యమైనవేమీ కావు. అవి ఉన్నాయి, మరొకరికి కనబడుతున్నాయి కూడా. ఈ మనిషికి అవి చెందవని ఎవరో నిర్ణయించారు. మీమాంస దీన్ని అధికారం అంటుంది. అక్కడ ఆ మాటకు పెత్తనమని అర్థం కాదు, ఒక కర్మ చేయడానికి, దాని ఫలం పొందడానికి ఉన్న అర్హత అని. యోగ్యతకు లోకం సాక్షి, అధికారానికి శాసనం ఆధారం. చిక్కేమిటంటే, డేటాబేస్‌కు ఈ తేడా తెలియదు. రెంటినీ ఒకే షరతు వాక్యంతో రాస్తారు. కొన్నేళ్ల తర్వాత ఆ షరతును చదివినవాళ్లకు అది ఉన్న లోకాన్ని చెబుతోందో, ఒకరి నిర్ణయాన్ని అమలు చేస్తోందో తెలియదు. నిర్ణయం మెల్లగా ప్రకృతి ధర్మంలా కనబడటం మొదలవుతుంది.

మీమాంసకులు విధివాక్యాల్ని మూడుగా విడదీసినప్పుడు ఈ చిక్కునే ఎదుర్కొన్నారు. మరే ఆధారంతోనూ తెలియని దాన్ని చెప్పేది అపూర్వవిధి. యజ్ఞానికి తెచ్చిన వడ్ల మీద నీళ్లు చల్లమనడం అలాంటిది. చెప్పకపోతే ఎవరికీ తోచదు. రెండోది నియమవిధి. వడ్లు దంచమన్న మాట దీనికి ఉదాహరణ. బియ్యం కావాలంటే పొట్టు పోవాలి. అది రోట్లో దంచినా పోతుంది, గోళ్లతో ఒలిచినా పోతుంది. దారులు చాలా ఉన్నప్పుడు ఒక్కదాన్నే పట్టుకోమనడం నియమం. మూడోది పరిసంఖ్య. అయిదు గోళ్లున్న జంతువుల్లో ఫలానా అయిదే తినదగినవన్న ధర్మశాస్త్ర వాక్యాన్ని దీనికి చూపిస్తారు. ఆ వాక్యం ఆ అయిదింటినీ తినమని చెప్పడం లేదు. ఆకలి ఎటూ తినమంటుంది. మిగిలినవాటిని తినొద్దనడమే దాని ఉద్దేశం. పైకి చూస్తే ఒప్పుకోలు, లోపల నిషేధం.

డ్రాప్‌డౌన్ స్వభావరీత్యా పరిసంఖ్యే. అయిదు పేర్లు చూపిస్తుంది. ఆరోది కుదరదని ఎక్కడా అనదు, కానీ దాని పని అదే. పరిసంఖ్యలో మూడు దోషాలున్నాయని మీమాంసకులు ఒప్పుకున్నారు: వాక్యం పైకి చెప్పిన అర్థాన్ని వదిలేయడం, చెప్పని అర్థాన్ని కల్పించుకోవడం, సహజంగా అందుబాటులో ఉన్నదాన్ని అడ్డుకోవడం. అందుకే వేరే దారి ఉంటే ఒక వాక్యాన్ని పరిసంఖ్యగా చదవకూడదన్నారు. నిషేధం చెప్పదలిస్తే నిషేధంగానే చెప్పడం మేలన్న వివేకం అందులో ఉంది. ఫారాలకు ఇది నేరుగా వర్తిస్తుంది. ఒక పథకం దరఖాస్తుదారుకు వర్తించకపోతే దాన్ని జాబితాలోంచి మాయం చేయడం ఒక పద్ధతి. పేరు చూపించి, నొక్కడానికి వీల్లేకుండా చేసి, పక్కనే కారణం రాయడం ఇంకో పద్ధతి. మొదటిది తెరను శుభ్రంగా ఉంచుతుంది. రెండోది మనిషికి తనకు ఏది ఎందుకు దక్కలేదో చెబుతుంది, ఆ కారణం తప్పయితే అడిగే అవకాశం ఇస్తుంది. హక్కులకు సంబంధించిన జాబితాల్లో రెండోదే సరైనది. కనబడని దాని గురించి ఎవరూ అర్జీ పెట్టుకోలేరు.

వికల్పం, అంటే రెంటిలో ఒకదాన్ని ఎంచుకోవడం గురించి కూడా మీమాంసలో ఒక మాట ఉంది. వడ్లతో యాగం చేయమని ఒక వాక్యం, యవలతో చేయమని ఇంకొకటి. రెండూ సమాన బలం కలవి కనుక ఏదో ఒకటి ఎంచుకోవచ్చు. అయినా వికల్పానికి ఎనిమిది దోషాలు లెక్కగట్టారు. వడ్లు తీసుకున్నప్పుడు యవల వాక్యానికున్న ప్రామాణ్యం వదులుకోవాలి, దానికి లేని అప్రామాణ్యం అంటగట్టాలి. రేపు యవలు తీసుకుంటే వదిలిన ప్రామాణ్యాన్ని తిరిగి లేపాలి, అంటగట్టిన అప్రామాణ్యాన్ని తుడిచేయాలి. ఇటు నాలుగు, అటు నాలుగు. కనుక వీలైనచోట వ్యవస్థిత వికల్పం చెప్పుకున్నారు: ఈ సందర్భంలో ఇది, ఆ సందర్భంలో అది అని పంచడం. సందర్భాన్ని బట్టి జాబితా మారే డ్రాప్‌డౌన్ చేసేది అచ్చంగా ఇదే.

పంచాలంటే షరతు కావాలి. ఒక వాక్యంలోని ఏ మాట షరతు, ఏ మాట కాదు? సోమయాగంలో గ్రహాన్ని, అంటే సోమపాత్రను, తుడవమని ఒక వాక్యం ఉంది. పాత్ర అని ఏకవచనం ఉంది కదా, ఒక్కదాన్నే తుడవాలా? మీమాంసలో ఇది పేరుపడ్డ చర్చ, దీన్ని గ్రహైకత్వ న్యాయమంటారు. అక్కడి ఏకవచనం వివక్షితం, అంటే ఉద్దేశించి చెప్పింది, కాదని, పాత్రలన్నిటినీ తుడవాలని తేల్చారు. ఆ వాక్యం పాత్రల్ని లెక్కపెట్టడానికి రాలేదు, శుభ్రం చేయించడానికి వచ్చింది. కాగితం మీది నిబంధనను డేటాబేస్ షరతుగా మార్చేవాళ్లకు ఈ పాఠం చాలా అవసరం. భర్త చనిపోయిన స్త్రీకి ఇచ్చే పింఛను నిబంధనలో 'భర్త మరణ ధ్రువపత్రం' అని ఏకవచనంలో ఉంటే, ఒకటే ఫైలు పట్టే గడి పెడతారు. 'తండ్రి పేరు' అని ఉంటే, తల్లి ఒక్కతే పెంచిన బిడ్డకు కూడా ఆ గడిని తప్పనిసరి చేస్తారు. భాష మామూలుగా వాడిన మాట, కోడ్‌లోకి వచ్చేసరికి గోడ అవుతుంది.

ఈ ప్రశ్న పాత్రల దగ్గర ఆగలేదు. మీమాంసకు మూలమైన జైమిని సూత్రాల్లో ఆరో అధ్యాయం మొత్తం అధికార చర్చ. స్వర్గం కోరేవాడు యాగం చేయాలన్న విధిలో మాట పుంలింగంలో ఉంది కనుక పురుషుడికే అధికారమని ఐతిశాయనుడనే ఆచార్యుడన్నాడు. లింగం అక్కడ షరతు కాదని, స్వర్గాన్ని కోరేవాళ్లందరికీ ఆ మాట సమానంగా వర్తిస్తుందని బాదరాయణుడన్నాడు. స్త్రీకి సొంత ఆస్తి లేదు కదా, ద్రవ్యం లేకుండా యాగమెలా అని ఆక్షేపం వచ్చింది. ఆమెకూ ధనం ఉందని, ఫలం కావాలన్న కోరిక ఇద్దరికీ సమానమని సమాధానం చెప్పారు. సిద్ధాంతం బాదరాయణుడి వైపే నిలిచింది. తర్వాతి సూత్రాలు ఆమె చేయదగిన పనుల్ని భర్తతో కలిపి, కుదించి చెప్పిన మాట నిజమే. అయినా వ్యాకరణంలోని లింగాన్ని వడపోతగా వాడకూడదని అంత పాతకాలంలో ఒకరు వాదించి గెలవడం చిన్న విషయమేమీ కాదు.

అదే అధ్యాయంలో కొన్ని సూత్రాల తర్వాత ఇంకో తలుపు మూసుకుంది. యాగానికి అగ్ని కావాలి. అగ్నిని స్థాపించుకోవడాన్ని ఆధానం అంటారు. ఆధాన వాక్యం వసంతంలో బ్రాహ్మణుడు, గ్రీష్మంలో రాజన్యుడు (క్షత్రియుడు), శరత్తులో వైశ్యుడు అని మూడు పేర్లు చెబుతుంది. నాలుగో వర్ణం పేరు లేదు. పేరు లేదు కనుక ఆధానం లేదు, ఆధానం లేదు కనుక అగ్ని లేదు, అగ్ని లేదు కనుక యాగం లేదు. బాదరి అనే ఆచార్యుడు ఒప్పుకోలేదు. ఆ వాక్యం ఎవరికి ఏ ఋతువో చెప్పడానికి వచ్చిందే తప్ప ఎవరు అర్హులో తేల్చడానికి రాలేదని, కనుక అందరికీ అధికారం ఉందని అన్నాడు. గ్రహైకత్వ న్యాయానికి ఈ వాదన ఎంత దగ్గరో చూస్తే మనసు చివుక్కుమంటుంది. పాత్రల విషయంలో ఒప్పుకున్న ఉదారతను మనుషుల విషయంలో ఒప్పుకోలేదు. ఆత్రేయుడి పేరుతో మూడు వర్ణాలకే అధికారమన్న పక్షం నిలిచింది, బాదరి పక్షం వీగిపోయింది.

ఈ వాదన సాగిన తీరును నిదానంగా చూడాలి. యాగాన్ని చెప్పే వాక్యంలో ఎవరినీ వద్దనలేదు. స్వర్గం కోరే ఎవరైనా అని ఉంది. అడ్డు పడింది దానికి పై మెట్టులో, అగ్ని ఎవరికి ఉందన్న జాబితాలో. డేటాబేస్ పరిభాషలో, పై టేబుల్‌లో వరుస లేదు కనుక కింది జాబితా ఖాళీగా వచ్చింది. కింది జాబితాను ఎంతసేపు పరీక్షించినా అందులో తప్పు దొరకదు. దాని షరతు సరైనదే, దాని క్వెరీ సరైనదే. మెట్లుమెట్లుగా దిగే వడపోతలన్నిటిలోనూ ఉన్న ప్రమాదం ఇదే: అన్యాయం ఎప్పుడూ ఒక మెట్టు పైన జరుగుతుంది, కింద ఉన్నవాళ్లకు ఖాళీ గడి ఒక్కటే కనబడుతుంది. కాలనీ పేరు వార్డుల టేబుల్‌లోకి ఎక్కని కుటుంబానికి చిరునామా గడి నిండదు. చిరునామా నిండక ధ్రువపత్రం రాదు, ధ్రువపత్రం లేక బడిలో సీటు రాదు. బడి ఫారం తయారుచేసినవాళ్లు ఏ తప్పూ చేయలేదు. కనుక ఒక జాబితా న్యాయంగా ఉందో లేదో ఆ జాబితాలో వెతికితే సరిపోదు. అది ఏ జాబితా మీద ఆధారపడిందో అక్కడికి, అక్కడినుంచి ఇంకా పైకి వెళ్లి చూడాలి.

జైమిని ఆరో అధ్యాయంలోనే రెండు మినహాయింపులున్నాయి. వర్షాకాలంలో రథకారుడు ఆధానం చేయాలని ఒక వాక్యం. రథకారుడంటే రథం చేసే త్రైవర్ణికుడు ఎవరైనా అని వ్యుత్పత్తి అర్థం చెప్పుకుంటే జాబితా మారదు. అలా కాక, ఆ పేరుతో వాడుకలో ఉన్న, మూడు వర్ణాల్లో చేరని జాతివారని రూఢి అర్థమే తీసుకున్నారు. వాక్యం చెప్పింది కనుక వారికి అధికారం ఉందన్నారు. రుద్రుడికి చేసే ఒక ఇష్టిలో, అంటే చిన్న యాగంలో, నిషాద నాయకుడికి అధికారం చెప్పడం రెండోది. నిషాదులకు నాయకుడైన మరొకరు అని సమాసాన్ని తిప్పుకునే వీలున్నా, నిషాదుడే నాయకుడు అన్న నేరైన అర్థాన్నే నిలబెట్టారు. జాబితాలో కొత్త వరుస చేర్చాల్సి వచ్చినప్పుడు, ఉన్న వరుసలోకే దాన్ని బలవంతంగా ఇరికించకుండా, పేరును పేరుగా చేర్చిన సందర్భాలివి.

జాబితా పూర్తిగా ఉందా అన్న ప్రశ్నను తర్కశాస్త్రం ఎదుర్కొన్న తీరు ఇంకోరకం. తర్కసంగ్రహం పదార్థాలు ఏడంటుంది, ద్రవ్యాలు తొమ్మిదంటుంది: భూమి, నీరు, తేజస్సు, వాయువు, ఆకాశం, కాలం, దిక్కు, ఆత్మ, మనస్సు. అన్నంభట్టు తన గ్రంథానికి తానే రాసుకున్న దీపికలో వెంటనే ఒక ఆక్షేపం తెస్తాడు. చీకటి పదో ద్రవ్యం కదా, దాన్నెందుకు వదిలేశారు? నల్లగా కనబడుతుంది, కదులుతున్నట్టు కనబడుతుంది, మీమాంసకుల్లో భాట్ట శాఖవారు దాన్ని ద్రవ్యంగానే ఒప్పుకున్నారు. చీకటి ద్రవ్యం కాదని, వెలుగు లేకపోవడమేనని ఆయన సమాధానం. ఆ సమాధానం ఒప్పుకున్నా, ఒప్పుకోకపోయినా పద్ధతి గమనించదగ్గది. జాబితా ఇచ్చిన మరుక్షణమే అందులో లేనిదేమిటని అడిగి, ఎందుకు లేదో కారణం చెప్పి, దానికి వేరే చోటు చూపించాడు. చీకటిని ఉత్తినే వదిలేయలేదు, అభావమనే ఏడో పదార్థంలో కూర్చోబెట్టాడు.

లేకపోవడానికి కూడా ఒక చోటు ఉండాలన్నదే, ఈ పదార్థాల చర్చ చేసిన వైశేషికుల గొప్ప ఆలోచన. వాళ్లు అభావాన్ని నాలుగుగా విడదీశారు. పుట్టబోయే కుండ ఇంకా లేకపోవడం ప్రాగభావం. పగిలిన కుండ ఇక లేకపోవడం ప్రధ్వంసాభావం. గాలికి రంగు ఎప్పుడూ లేకపోవడం అత్యంతాభావం. కుండ గుడ్డ కాకపోవడం అన్యోన్యాభావం. డేటాబేస్‌లో వీటన్నిటికీ దొరికేది ఒకే గుర్తు, నల్. బిడ్డకు ఇంకా పేరు పెట్టకపోయినా నల్. ఉన్న ఫోన్ నంబరు రద్దయినా నల్. మతం అసలే లేకపోయినా నల్. చెప్పడం ఇష్టం లేకపోయినా నల్. గుమాస్తా అడగడం మరిచిపోయినా నల్. కాడ్ కూడా చివరికి ఇది చాలదని గుర్తించి, 1990 నాటి తన పుస్తకంలో రెండు గుర్తులు ప్రతిపాదించాడు: విలువ ఉండి తెలియకపోవడానికి ఒకటి, విలువ ఉండటానికే వీల్లేకపోవడానికి ఒకటి. వాడుకలోకి వచ్చిన డేటాబేసులు ఆ దారి పట్టలేదు.

నల్ వల్ల వడపోతలో జరిగే నష్టం చేత్తో పట్టుకుని చూపించగలిగినంత స్పష్టం. వంద మంది ఉన్న టేబుల్‌లో అరవై మందికి మతం గడిలో 'హిందూ' అని, ముప్పై మందికి వేరే మతాల పేర్లు, పది మందికి నల్ ఉందనుకుందాం. మతం హిందూ అయినవాళ్లను అడిగితే అరవై మంది వస్తారు. మతం హిందూ కానివాళ్లను అడిగితే నలభై మంది రావాలి, వచ్చేది ముప్పై మందే. నల్‌ను దేనితో పోల్చినా అవుననీ రాదు, కాదనీ రాదు, తెలియదని వస్తుంది. అవునని తేలిన వరుసల్నే షరతు పైకి తీస్తుంది. ఆ పది మంది అటు లెక్కలోనూ లేరు, ఇటు లెక్కలోనూ లేరు.

జాబితా నిండుగా ఉన్నా, అడిగిన ప్రశ్నే పొసగని సందర్భాలూ ఉంటాయి. బౌద్ధుల పాళీ గ్రంథమైన మజ్ఝిమ నికాయంలో వచ్చగోత్తుడనే పరివ్రాజకుడు బుద్ధుణ్ణి అడుగుతాడు: విముక్తుడైనవాడు మరణానంతరం ఎక్కడ పుడతాడు? పుడతాడా, పుట్టడా, రెండూనా, రెండూ కాదా? ఏ ఎంపికా వర్తించదంటాడు బుద్ధుడు. ఆరిపోయిన మంట తూర్పుకు వెళ్లిందా, పడమరకా, ఉత్తరానికా, దక్షిణానికా అని తిరిగి అడుగుతాడు. ఆ ప్రశ్నే పొసగదని వచ్చగోత్తుడు ఒప్పుకుంటాడు. నాలుగు దిక్కులూ ఉన్న జాబితాలో లోటు ఏమీ లేదు, దిక్కు అడగడమే సరికాదు. తప్పనిసరి గుర్తున్న గడిలో ఇలాంటివారు ఏదో ఒక దిక్కును నొక్కితేనే ముందుకు కదలగలరు. డేటాబేస్‌లోకి ఒక అబద్ధం చేరుతుంది, అది అబద్ధమని ఆ తర్వాత ఎవరికీ తెలియదు.

మతం గడి విషయంలో ఇది న్యాయస్థానాల దాకా వచ్చింది. తన మతమేమిటో చెప్పమని ప్రభుత్వం ఎవరినీ బలవంతపెట్టరాదని, ఏ మతమూ లేదని చెప్పుకునే హక్కు పౌరుడికి ఉందని 2014లో బొంబాయి హైకోర్టు తీర్పు చెప్పింది. తమ బిడ్డ జనన నమోదులో మతం, కులం రాయించకూడదనుకున్న ఒక జంట పిటిషన్ మీద 2023 జూలైలో తెలంగాణ హైకోర్టు, ఆన్‌లైన్ దరఖాస్తులో 'మతం లేదు, కులం లేదు' అనే గడి పెట్టాలని ఆదేశించింది. వైశేషికుల మాటలో చెబితే అత్యంతాభావానికి సొంత వరుస ఇవ్వమన్నది ఆ ఆదేశం. గడిని ఖాళీగా వదిలేయనిస్తే చాలదా అంటే చాలదు. ఖాళీగా ఉన్నది మరిచిపోయిన గడి కావచ్చు. 'లేదు' అన్నది ఒక జవాబు, ఆ తల్లిదండ్రులు ఆలోచించి ఇచ్చిన జవాబు.

చివరికి అన్ని జాబితాల్లోనూ చేరే మాట 'ఇతరములు'. 2011 జనగణనలో ఆరు మతాలకు సంకేత సంఖ్యలిచ్చారు. మిగిలినవారి మతం పేరును పూర్తిగా రాయమన్నారు, సంఖ్య లేదు. ఇతర మతాలు, విశ్వాసాల కింద దాదాపు 79 లక్షల మంది లెక్కకొచ్చారు. వారిలో సుమారు 49 లక్షల మంది తమ మతం ఆదివాసీల సర్నా అని రాయించారు, 10 లక్షలకు పైగా గోండి అని రాయించారు. ఆదిలాబాద్ అడవుల గోండులకు కూడా ఈ ప్రశ్న కొత్త కాదు. వాళ్ల దేవతలకు, పూజారులకు, జాతరలకు సొంత పేర్లున్నాయి. సర్నాకు విడిగా సంకేతం కావాలని 2020 నవంబరులో జార్ఖండ్ శాసనసభ తీర్మానించింది. ఆ 49 లక్షల సంఖ్య అసలు బయటపడింది పేరు రాయనిచ్చారు కనుకనే. రాయడానికి వీల్లేని డ్రాప్‌డౌన్‌లో అందరూ ఒకే 'ఇతరములు' కింద కలిసిపోయి, ఎవరెంతమందో తేలేది కాదు. కనుక 'ఇతరములు' అన్న ఎంపిక పక్కన రాసుకునే గడి ఉండాలి. అందులో వచ్చిన పేర్లను ఎప్పటికప్పుడు ఎవరో ఒకరు చదవాలి. మళ్లీమళ్లీ వస్తున్న పేరు రథకారుడిలా టేబుల్‌లోకి సొంత వరుసగా ఎక్కాలి. చదివే మనిషి లేకపోతే ఆ గడి చెత్తబుట్టతో సమానం.

కాలం తెచ్చే చిక్కు ఒకటి మిగిలింది. జాబితాలు మారతాయి. 1985లో ఆంధ్రప్రదేశ్‌లో తాలూకాల స్థానంలో మండలాలు వచ్చాయి. 2016 అక్టోబరులో తెలంగాణలో 10 జిల్లాలు 31 అయ్యాయి, 2019లో 33 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. చింతూరు సంగతి చూస్తే ఇది మనుషుల మీద ఎలా పడుతుందో అర్థమవుతుంది. భద్రాచలం ప్రాంతంతో పాటు అది 1959 దాకా తూర్పు గోదావరి జిల్లాలో ఉంది, ఆ తర్వాత ఖమ్మంలో చేరింది. 2014లో పోలవరం ముంపు మండలాలతో పాటు తిరిగి తూర్పు గోదావరిలోకి వచ్చింది. 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లింది. 1970లో చింతూరులో పుట్టి ఇల్లు కదలని మనిషి 2022 నాటికే మూడు పేర్ల జిల్లాల్లో నివసించినట్టు లెక్క. పుట్టిన జిల్లా అని అడిగితే ఖమ్మం అన్నది సత్యం. ఖమ్మం జిల్లా ఎంచుకుంటే ఇవాళ్టి జాబితాలో చింతూరు రాదు.

ఇక్కడ యోగ్యత కూడా కాలాన్ని బట్టి ఉంటుంది. పాత సంబంధం ప్రధ్వంసాభావంలోకి వెళ్లింది తప్ప అది ఎన్నడూ లేనిది కాదు. దీనికి డేటాబేస్‌లో తెలిసిన పద్ధతి ఉంది: మండలం ఫలానా జిల్లాకు చెందుతుందన్న వరుసకు మొదలైన తేదీ, ముగిసిన తేదీ రాసిపెట్టడం. నివాసం అడిగే గడి ఇవాళ్టి తేదీతో వడపోస్తుంది, పుట్టిన చోటు అడిగే గడి పుట్టిన తేదీతో వడపోస్తుంది. వరుసను ఎన్నడూ చెరపరు, ముగిసిందని మాత్రం రాస్తారు. పాత రికార్డును దిద్దడానికి తెరిచినప్పుడు ఇంకో జాగ్రత్త కావాలి. జాబితా ఇప్పుడు చెల్లే వరుసలతోనే నిండితే, రికార్డులో ఉన్న పాత విలువ అందులో దొరకదు. గడి ఖాళీగా తెరుచుకుంటుంది, లేదా జాబితాలోని మొదటి పేరు దానంతటదే అందులో కూర్చుంటుంది. ఫోన్ నంబరు మార్చుకోవడానికి వచ్చిన మనిషి పుట్టిన జిల్లా, ఎవరూ గమనించకుండానే మారిపోతుంది. అందుకే షరతును రెండు భాగాలుగా రాస్తారు: ఇప్పుడు చెల్లే వరుసలన్నీ, వాటితో పాటు ఈ రికార్డులో ఇప్పటికే ఉన్న వరుస. అలా రాసినప్పుడు చింతూరు మనిషి రికార్డు తెరిస్తే ఖమ్మం ఖమ్మంగానే కనబడుతుంది, ఆయన నంబరు ఒక్కటే మారుతుంది.